వంటింటి సింకు: ఎంపిక, అమరిక, సంరక్షణ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- సింకు రేకు రకాన్ని, మందాన్ని తెలుసుకోగలుగుతారు;
- మీ వంటింటికి తగిన సింకును, కుళాయిని ఎంచుకోగలుగుతారు;
- సింకుపై తుప్పు మరకలు పడటానికి కారణాలు చెప్పగలుగుతారు.

1. పరిచయం

జంషెడ్‌పూర్ ఉక్కు నగరం. అక్కడి కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. పని కోసం ఉత్తరాంధ్ర నుండి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. ఆ నగరంలోని సిద్ధగోరాలో ఒక తెలుగు ఇల్లు ఉందనుకుందాం. ఇంటాయన ముప్పై ఏళ్ళు ఉక్కు పని చేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి వంటిల్లు బాగు చేయించాడు. దుకాణంలో తళతళలాడే సింకును చూసి, "ఉక్కు సంగతి మనకు తెలియనిదా!" అని కొనేశాడు. ఆరు నెలలకే సింకు అడుగున గోధుమరంగు చుక్కలు కనిపించాయి. ఎందుకు?

2. ఉక్కు అంతా ఒకటి కాదు

మామూలు ఉక్కు తడి తగిలితే తుప్పు పడుతుంది. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ ఏర్పడుతుంది. ఇదే స్టెయిన్‌లెస్ స్టీలు. మన దేశంలోని క్రోమియం ఖనిజంలో అత్యధిక భాగం జంషెడ్‌పూర్‌కు పొరుగున, ఒడిశాలోని సుకింద లోయలో ఉంది.

సింకులకు మేలైనది 304 రకం. ఇందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో ఖరీదైన నికెల్‌ను తగ్గించి మాంగనీసు కలుపుతారు. ధర తక్కువ, తుప్పును తట్టుకునే శక్తీ తక్కువే.

గమనించండి: అయస్కాంతం అంటకపోతే 304 రకమేనని చాలామంది అనుకుంటారు. 202 రకానికి కూడా అయస్కాంతం సాధారణంగా అంటదు. కాబట్టి రకం పేరును బిల్లు మీద రాయించుకోండి. ఇళ్ళలో వాడే స్టీలు సింకులకు ఐఎస్ 13983 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ గుర్తు ఉందేమో చూడండి.

3. కొనేముందు చూడవలసినవి

(అ) మందం: రేకు సుమారు 1 మి.మీ. ఉంటే మంచిది. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుందని మరువకండి.

(ఆ) కొలత: మీ ఇంట్లోని అతిపెద్ద గిన్నెను కొలవండి. అది సింకులో తిరగాలి. లోతు సుమారు 8 అంగుళాలుంటే నీళ్ళు చిందవు. మరీ లోతైతే నడుము వంచి తోమాలి.

(ఇ) మెరుగు: అద్దంలాంటి మెరుపు మీద గీతలు త్వరగా కనబడతాయి. మ్యాట్ రకంలో అంతగా కనబడవు.

(ఈ) కుళాయి: ఇత్తడిపై క్రోమియం పూత వేసినది బరువుగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. నీళ్ళు సింకు మధ్యలో పడేలా మూతి ఉండాలి.

(ఉ) ట్రాప్: సింకు కింది గొట్టంలోని వంపు ఇది. ఇందులో నిలిచే నీరు మురుగు వాసనను, బొద్దింకలను పైకి రానివ్వదు. దీన్ని తీసి శుభ్రం చేయడానికి వీలుండాలి.

4. ఆ చుక్కలు ఎక్కడివి?

మన ఉదాహరణలో చుక్కలకు మూడు కారణాలుండవచ్చు. ఇనుప పీచుతో తోమితే దాని తునకలు సింకుకు అంటుకుని తుప్పు పడతాయి. సింకు బిగించేటప్పుడు పక్కన ఇనుము కోస్తే రజను పడి అలాగే అవుతుంది. ఈ రెండింటిలో తప్పు సింకుది కాదు. మెత్తని గుడ్డతో, సబ్బుతో రుద్దితే చాలావరకు పోతుంది. తుడిచాక కూడా సన్నని గుంటలు కనిపిస్తే రేకే దెబ్బతిన్నదన్నమాట. ఉప్పు, బ్లీచింగు పౌడరు ఆ రక్షణ పొరను పాడుచేస్తాయి. ఆవకాయ జాడీ కడిగిన నీళ్ళు, మిగిలిన పులుసు రాత్రంతా సింకులో నిలవనీయకండి. పడుకునేముందు కడిగి తుడిస్తే చాలు.

పాఠగత ప్రశ్నలు

1. అయస్కాంత పరీక్షను ఎందుకు పూర్తిగా నమ్మకూడదు?
2. 18 గేజి, 22 గేజి రేకుల్లో ఏది మందం?
3. మీ ఇంటి సింకు లోతును, పెద్ద గిన్నె వెడల్పును కొలిచి రాయండి.

మీరేం నేర్చుకున్నారు?

సింకు మన్నిక మెరుపులో లేదు. రేకు రకం, మందం, బిగించిన తీరు, రోజూ తుడిచే అలవాటు కలిస్తేనే పెట్టిన డబ్బు నిలుస్తుంది.