ఇంట కట్టుకొనిన అంతర్జాలయంత్రము



2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మా సీమపై విరుచుకుపడినది. ఉద్దానమున కొబ్బరిచెట్లును, జీడితోటలును కూలినవి. విద్యుత్ స్తంభములు విరిగినవి. అచ్చట మూత్రపిండవ్యాధితో బాధపడుచున్న నా తమ్ముని క్షేమము మూడు దినములు నాకు తెలియలేదు. నాటినుండియే, మాటను మోసికొనివచ్చు యంత్రములో నేమున్నదో తెలిసికొనవలెనను పట్టుదల నాకు కలిగినది.

సెల్ టవరు తరంగములను గ్రహించి, ఇంటిలోని ఫోనులకు వైఫైగా పంచు యంత్రమే రౌటరు. దానికి మూడంగములు కలవు. మొదటిది మోడెము, సిమ్ కార్డును ధరించి టవరుతో సంభాషించునది. రెండవది చిన్న కంప్యూటరు. నేను రాస్ప్‌బెర్రీ పై 4 అను పలకను కొని, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉచిత సాఫ్ట్‌వేరు నెక్కించితిని. ఉమ్మడికుటుంబమున యజమాని పేర వచ్చిన జాబులను ఎవరివి వారికి అందించినట్లు, అది ఒక్క సిమ్ పై వచ్చిన సమాచారమును ఇంటివారికి పంచును. మూడవది ఏంటెన్నా.

మొదట ఫోను ఛార్జరు తగిలించితిని. మోడెము మాటిమాటికి ఆగిపోయెను. దోషము మోడెములో లేదు. ఆ పలకకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు కావలెను. తగిన సరఫరా నమర్చగానే కుదుటబడెను.

అన్నిటికంటె స్థానము ముఖ్యము. మా రావివలస యెండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు. ఏంటెన్నాకును గోడలు, కప్పు అడ్డురాకుండవలెను. గదిలో బలము సున్నకు దిగువ 112 డెసిబెల్లులుండగా, మేడపై 97 అయ్యెను. 10 డెసిబెల్లులు పదిరెట్లు గావున, ఈ 15 సుమారు ముప్పదిరెట్లు! పొడవైన ఏంటెన్నాతీగ బలమును మ్రింగును గనుక మోడెమును పైననే యుంచి, ఈథర్నెట్ తీగను క్రిందికి దింపితిని. ఉరుములు వినబడిన యెడల మేడపైకి పోరాదు. ముందే తీగలు విడదీయవలెను.

ఒక హెచ్చరిక. టవరు తరంగమును పెంచి మరల వెదజల్లు బూస్టరు వేరు. అనుమతి లేక దానిని పెట్టుట నేరము, ఇతరుల సంభాషణలకును విఘ్నము.

టవరు మూగవోయిన రౌటరును మూగవోవును, ఇది దాచరాదు. కాని ఒక సంస్థ టవరు పనిచేయనప్పుడు మరియొక సంస్థ సిమ్ మార్చవచ్చును. ఇంట కరెంటు లేనప్పుడు బ్యాటరీతో నడుపవచ్చును. తమ్ముని ఇంటను ఇట్టిదే యొకటి అమర్చితిని. కరెంటు పోయిన రాత్రులందును ఇప్పుడాతని గొంతు నాకు వినబడుచున్నది.