బేరం సరే... తీరు తెలుసా?

సరుకు మంచిదైతే చాలు, దానంతటదే అమ్ముడవుతుందనుకుంటాం. మన ఊరి సంతలో అయితే నిజమే! దేశం దాటితే మాత్రం సరుకొక్కటే చాలదు. కొనేవాళ్ల తిండి అలవాట్లు, ఆచారాలు, మాటతీరు... అన్నీ తెలియాలి. నాలుగొందల ఏళ్లుగా ఆ పాఠం చదువుతూనే ఉంది కృష్ణా డెల్టా.

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికే కంకిపాడు. అక్కణ్నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్తే బందరు. దారి పొడవునా పచ్చని పొలాలు, సముద్రం వైపు వెళ్లేకొద్దీ చేపలు, రొయ్యల చెరువులు. అచ్చమైన పల్లెసీమలా కనిపించే ఈ దారి చివరున్న మచిలీపట్నం ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. పర్షియా వర్తకులు ఎప్పట్నుంచో ఉన్నారక్కడ. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వచ్చారు. అందరికీ కావలసింది ఒకటే... మన బట్ట. కానీ ఎవరికి ఎలాంటి బట్ట కావాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా!

అద్దకం మనది... అభిరుచి వాళ్లది

'కలంకారీ' అన్న పేరే పర్షియన్ భాషది. శ్రీకాళహస్తిలో గుడి కోసం రామాయణ, భారత కథల్ని కలంతో గీస్తే, బందరు, పెడనల్లో చెక్క అచ్చులతో పూలు, లతలు, జీవవృక్షాలు అద్దారు. గోల్కొండ దర్బారు, పర్షియా బజార్ల ఇష్టాన్ని బట్టి వచ్చిన తేడా అది.

డచ్చివాళ్ల లెక్క వేరు. వాళ్లకు కావలసింది ఆగ్నేయాసియా దీవుల్లోని లవంగాలు, జాజికాయలు. ఆ దీవులవాళ్లకేమో వెండి కంటే కోరమాండల్ తీరం బట్టే ముద్దు. కట్టుకోవడమే కాదు, శుభకార్యాల్లో వాడేవారు, తరతరాలు దాచుకునేవారు. అందుకే ముందు ఇక్కడ బట్ట కొని, అక్కడికెళ్లి సుగంధ ద్రవ్యాలు తెచ్చుకునేవాళ్లు డచ్చివాళ్లు.

ఇంగ్లండుకు మరో రుచి. ముదురు ఎరుపు నేల మీద పువ్వులున్న దుప్పట్లు తమవాళ్లకు నచ్చడం లేదనీ, తెల్లని నేల మీద రంగుల పూలు వేయించమనీ 1643లో లండన్ నుంచి కంపెనీ పెద్దలు సూరత్‌కు ఉత్తరం రాశారు. ఆ తర్వాత నమూనాలే పంపడం మొదలెట్టారు. మనవాళ్లు ఎన్నడూ చూడని ఆ పూలను తమకు తోచినట్టు దించితే... అవి అటు ఐరోపావీ కాదు, ఇటు మనవీ కాదు. ఆ కొత్తదనానికే లండన్, పారిస్ పడిపోయాయి. ఎంతగా అంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే 1686లో ఫ్రాన్స్, 1700లో ఇంగ్లండు అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించేంత!

రొయ్య ఒకటే... వేషాలెన్నో

ఇప్పుడు బట్ట స్థానంలోకి రొయ్య వచ్చింది. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక డెల్టా రూపమే మారిపోయింది. చెరువు గట్టు మీద అన్నీ ఒకేలా కనిపించే రొయ్యలు ప్లాంటుకు చేరాక రకరకాల వేషాలు కడతాయి. అమెరికావాళ్లకు తల ఉండకూడదు, పొట్టు తీసి, నల్లటి నరం లాగేయాలి. స్పెయిన్, చైనాల్లో తలతో ఉన్నదానికే గిరాకీ. జపాన్‌లో టెంపురా వేపుడు కోసం రొయ్య తిన్నగా ఉండాలి. అందుకని కడుపు వైపు గాట్లు పెట్టి సాగదీస్తారు. అదే జపాన్‌లో కొత్త సంవత్సరం విందుకు మాత్రం వంగిన రొయ్యే కావాలి. నడుం వంగేదాకా బతకాలన్నదానికి అది గుర్తు మరి!

వేషం వరకూ ఫర్వాలేదు. నమ్మకం దగ్గరే తకరారు. మనదగ్గర రైతుకీ వ్యాపారికీ మధ్య మాటే పత్రం. 'నికార్సైన సరుకండీ' అంటే సరిపోతుంది. ఐరోపావాళ్లకు కాగితం కావాలి. ఏ హేచరీ పిల్ల, ఏ మేత, ఏ మందు... అన్నీ రాసి ఉండాలి. నిషేధించిన యాంటీబయాటిక్ జాడ లేశమాత్రంగా కనిపించినా కంటెయినర్ వెనక్కే. ఒక్కోసారి రైతు తప్పేమీ లేకుండానే దెబ్బ తగులుతుంది. 2012లో జపాన్ మన రొయ్యల్లో ఎథాక్సిక్విన్ ఆనవాళ్లు వెతకడం మొదలెట్టింది. అది చెరువులో కలిపిన మందు కాదు, మేతలోని చేపపొడి పాడవకుండా కలిపే పదార్థం. పది లక్షల పాళ్లలో 0.01 పాలు మించకూడదంది. మాటలు సాగి సాగి 2014లో ఆ హద్దు 0.2కు పెరిగింది. ఇలాంటప్పుడు సరుకు ఆగేది విదేశీ రేవులో... ధర పడిపోయేది ఇక్కడి చెరువు గట్టు మీద. కౌలు కట్టేసిన రైతుకు ఆ నాలుగు వారాలే నలభై ఏళ్లు.

'చూద్దాం' అంటే లేదనేగా!

వస్తువు సంగతి అలా ఉంచితే, మాట ఇంకా చిక్కు. చందా అడగడానికి వచ్చినవాళ్లతో 'చూద్దాం లెండి' అన్నామంటే అర్థమేంటో మనకు తెలుసు. జపాన్ వ్యాపారి 'పరిశీలిస్తాం' అన్నా చాలాసార్లు అదే అర్థం. మొహమాటం మనకెంతో వాళ్లకూ అంతే. వాళ్ల 'హై' కూడా అవుననే కాదు, 'వింటున్నాను' అని కూడా. అమెరికా వ్యాపారికి ఇదంతా తలనొప్పి. ఉంటే ఉందని, లేకుంటే లేదని సూటిగా చెప్పమంటాడు. మనం తలను అడ్డంగా ఊపుతూ 'అలాగే' అంటే ఒప్పుకున్నామో వద్దన్నామో తేల్చుకోలేక తల పట్టుకుంటాడు!

చిత్రమేమిటంటే, దూరం అనుకున్నవాళ్లే ఒక్కోసారి దగ్గరవుతారు. 2017లో ఒప్పందం చేసుకుని అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ కట్టింది కొరియా సంస్థ కియా. 2019లో కార్లు బయటికొచ్చాయి. కొరియా భాషలో పెద్దవాళ్లతో ఒకలా, సాటివాళ్లతో ఒకలా మాట్లాడాలి. మన 'నువ్వు', 'మీరు' లాగే! అందుకే కొత్తవారిని వయసెంతని అడగడం అక్కడ తప్పు కాదు. ఏదైనా ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ చాపడం వాళ్ల మర్యాద. ఎడంచేత్తో ఇస్తే చిన్నబుచ్చుకునే మనకు అది అర్థం కాకుండా పోతుందా? రెండువైపులా ఇంగ్లిషులోనే మాట్లాడుకుంటే మాత్రం ఆ పోలికలు బయటపడవు.

కాబట్టి, విదేశీ బేరానికి కూర్చునేవారు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. అవతలివాళ్లు ఏం తింటారో, ఎలా తింటారో ముందే కనుక్కోవాలి. నోటితో ఒప్పుకున్నదాన్ని అదేరోజు కాగితం మీద పెట్టాలి. 'సరే' అన్నప్పుడు దేనికి సరేనో మరోసారి అడగాలి. కుదరనిదాన్ని కుదరదని మర్యాదగానే చెప్పేయాలి.

తెల్లని నేల కావాలంటే తెల్లని నేల మీదే అద్దారు ఆనాటి పనివాళ్లు. కానీ పువ్వు మాత్రం తమ చేతివాటంతోనే వేశారు. ఎదుటివాళ్ల తీరు తెలుసుకోవడమంటే మన తీరు వదిలేసుకోవడం కాదని చెప్పడానికి ఆ పువ్వు చాలదూ!