బొమ్మ బస్సుకు రంగు మనది, హక్కు ఎవరిది?

జావా ద్వీపపు రహదారిపై ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సు పరుగెత్తుతున్నది. దాని నుదుట తెలుగు అక్షరాలలో ఊరి పేరు ఉన్నది. దాని వెనుకనే కేరళకు చెందిన పర్యాటక బస్సు ఒకటి హారన్ మోగిస్తూ దూసుకు వస్తున్నది. ఇండోనేషియాకు చెందిన మలెయో సంస్థ 2017లో విడుదల చేసిన ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’ అనే సెల్‌ఫోన్ ఆటలోని దృశ్యమిది. ఆట వారిది, రోడ్డు వారిది, బస్సు మాత్రం మనది. దానికి ఆకారమిచ్చి రంగులద్దినవారు దక్షిణాది రాష్ట్రాల యువకులు. వీరిలో అనేకులు ఈ విద్యను ఏ కళాశాలలోనూ నేర్చుకున్నవారు కారు.

పొరుగు దేశపు ఆట మనవారిని ఇంతగా ఆకట్టుకోవడానికి ఒక సాదా కారణం ఉన్నది. ఇండోనేషియాలోనూ మన దేశంలో వలెనే వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి, స్టీరింగు కుడివైపున ఉంటుంది. అందువల్ల అక్కడి బస్సు స్థానంలో మన బస్సును దించితే ఆట తడబడదు. పైగా ఖరీదైన కంప్యూటరు అక్కరలేదు, ఫోను చాలు. ఆట తయారీదారులు మొదట బస్సు పైరంగును, తరువాత వాహనాన్నే మార్చుకునే వీలు కల్పించడంతో తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

కొన్న ఆటకు ఆడేవారే ఈ విధంగా చేసే మార్పును ‘మోడ్’ అంటారు. ఇది కొత్త సంగతి కాదు. 1996లో వచ్చిన ‘క్వేక్’ ఆటలోని సైనికులకు ఆటగాళ్లే కొత్త దుస్తులు గీసి తొడిగేవారు. 1999లో ‘హాఫ్‌లైఫ్’ ఆటకు ఇద్దరు యువకులు మోడ్‌గా రూపొందించిన ‘కౌంటర్ స్ట్రైక్’ను మరుసటి సంవత్సరమే మూల సంస్థ వాల్వ్ కొనుగోలు చేసి, వారికి ఉద్యోగాలు కూడా ఇచ్చింది. అటువంటి అదృష్టం అందరినీ వరించలేదు.

కుట్లు విప్పిన చొక్కా

ఈ పనిలో ఆకారం నిర్మించడం సగమే. కంప్యూటరులోని బస్సు వేలకొద్దీ చిన్న త్రికోణాలతో అల్లిన బోలు డొల్ల. దానిపై చర్మంలా ఒక చిత్రాన్ని పరచినప్పుడే అది బస్సు అవుతుంది. ఆ చిత్రాన్నే ‘టెక్స్చర్’ అంటారు. వంకర ఉపరితలంపై చిత్రాన్ని పరచే పద్ధతిని అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ తన 1974 నాటి పరిశోధనా గ్రంథంలో ప్రతిపాదించారు. నేటి ఆటలన్నీ ఆ పునాదిపై నిలిచినవే.

దర్జీ చొక్కా కుట్లు విప్పి బల్లపై పరచినట్లు, చిత్రకారుడు ముందుగా బస్సు అతుకులను విప్పి చదునుగా పరుస్తాడు. పైకప్పు ఒక ముక్క, ముఖభాగం ఒక ముక్క, రెండు పక్కలు రెండు ముక్కలు. వీటన్నింటినీ ఒక చతురస్రంలో ఇమడ్చవలసి ఉంటుంది. చోటు చాలదు కాబట్టి కొత్తవారు కుడి, ఎడమ పక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకే చిత్రాన్ని రెండింటికీ వాడుతుంటారు. అప్పుడు ఒక పక్కన ‘పల్లె వెలుగు’ సవ్యంగా కనిపిస్తుంది, రెండవ పక్కన అవే అక్షరాలు అద్దంలో చూసినట్లు తిరగబడతాయి. పైగా మన బస్సుకు ద్వారం ఎడమవైపే ఉంటుంది గనుక రెండు పక్కలు ఎన్నటికీ ఒకటి కావు. ఏ ముక్కకు ఎంత చోటివ్వాలన్నదే ఇందులో అసలు విద్య. ఎవరూ తొంగిచూడని అడుగుభాగానికి చిటికెడు చోటు సరిపోతుంది. అందరి కళ్లూ పడే బోర్డుకు మాత్రం ధారాళంగా ఇవ్వాలి.

చోటుకు ఇంత కరువెందుకంటే, లెక్క ఇలా ఉన్నది. అడ్డం 1024, నిలువు 1024 చుక్కలు గల చిత్రం కుదించకుండా ఉంచితే ఫోను మెమరీలో 4 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. అదే 2048 చుక్కలైతే 16 మెగాబైట్లు, 4096 అయితే 64 మెగాబైట్లు. కొలత రెట్టింపైన ప్రతిసారీ బరువు నాలుగింతలవుతుంది. మూడు, నాలుగు గీగాబైట్ల చవక ఫోనులో ఆట సాగాలంటే మేకులు, కిటికీ రబ్బరు, గాలి జాలీ వంటి వాటిని త్రికోణాలతో కట్టకుండా రంగుతోనే భ్రమింపజేయవలసి వస్తుంది. కటౌట్లకు రంగులు వేసే మన చిత్రకారులకు ఈ మాయ కొత్త కాదు.

ఫొటో తీసి అతికిస్తే సరిపోదా అన్న సందేహం సహజం. బస్టాండులో తీసిన ఫొటోలో మధ్యాహ్నపు ఎండ, చెట్టునీడ కూడా పడి ఉంటాయి. వాటిని తుడిచివేయకపోతే ఆటలో రాత్రివేళ కూడా బస్సుపై ఎండ కాస్తూనే ఉంటుంది! ఆ తరువాత రంగుకు తోడుగా మరికొన్ని చిత్రాలు కావాలి. ఏ చోట మెరుపు, ఏ చోట గరుకుదనం, ఏది లోహం, ఏది ప్లాస్టిక్ అన్నది వేర్వేరు చిత్రాలు చెబుతాయి. ఎగుడుదిగుళ్లను సూచించే చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లే ఉపరితలం ఎటు వాలి ఉన్నదో తెలుపుతాయి. ఇందులో ఆకుపచ్చను కొన్ని ఆటల యంత్రాంగాలు పైదిశగా, మరికొన్ని కిందిదిశగా చదువుతాయి. ఇది తెలియనివారు చేసిన బస్సులో పైకి ఉబికి ఉండవలసిన మేకులన్నీ గుంటలుగా కనిపిస్తాయి. దూరాన ఉన్న బస్సుకు ఆట చిన్నపాటి నకళ్లను వాడుకుంటుంది. అందువల్ల అతుకు దగ్గర రంగును గీత దాటించి పూయకపోతే బస్సు దూరమయ్యేకొద్దీ కుట్టు వెంట తెల్లని చార తేలుతుంది. ఇటువంటి చిక్కులన్నీ పదేపదే తప్పి నేర్చుకునేవే.

పనిముట్ల ఖర్చు మాత్రం ఒకప్పటితో పోలిస్తే ఎంతో తగ్గింది. ఆకారాలు తయారుచేసే ‘బ్లెండర్’ను 2002లో అభిమానులు లక్ష యూరోలు పోగుచేసి విడిపించి, ఉచితంగా ప్రపంచానికి అందుబాటులోకి తెచ్చారు. వృత్తినిపుణులు విరివిగా వాడే ‘సబ్‌స్టాన్స్ పెయింటర్’ ఫ్రెంచి సంస్థ సృష్టి, 2019లో అడోబీ వశమైంది.

ఎగుమతి అవుతున్న నైపుణ్యం

దీనిని కుర్రకారు కాలక్షేపమని తోసిపుచ్చడం పొరపాటు. ఇదే నైపుణ్యాన్ని దేశం రెండు దశాబ్దాలకు పైగా విదేశాలకు అమ్ముతున్నది. 1997లో బెంగళూరులో స్థాపితమైన ధ్రువ ఇంటరాక్టివ్, 2004లో గుర్గావ్‌లో ప్రారంభమైన లక్ష్య డిజిటల్ పాశ్చాత్య ఆటలకు వస్తువులు, వాహనాలు, పరిసరాలు తయారుచేసి పేరు తెచ్చుకున్నాయి. మైక్రోసాఫ్ట్ వారి ‘ఫోర్జా’ కార్ల పందెపు ఆటలకు ధ్రువ పని చేసింది. లక్ష్యను 2014లో ఐర్లండ్‌కు చెందిన కీవర్డ్స్ స్టూడియోస్ కొనుగోలు చేసింది. ధ్రువ తొలుత స్వీడన్ సంస్థ స్టార్‌బ్రీజ్ చేతికి వెళ్లి, 2019లో 79 లక్షల డాలర్లకు అమెరికాకు చెందిన రాక్‌స్టార్ గేమ్స్ పరమైంది. ఒక్క ప్రసిద్ధ ఆట కోట్లాది డాలర్లు ఆర్జించే రంగంలో, ఇరవై రెండేళ్ల సంస్థకు లభించిన ఈ వెల స్వల్పమేనని చెప్పక తప్పదు.

దీనికి కారణం వెదకడానికి దూరం వెళ్లనక్కరలేదు. మనం అమ్ముతున్నది ఆటను కాదు, పనిగంటలను. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఉద్యోగి విధి నిర్వహణలో సృష్టించినదానికి తొలి హక్కుదారు యజమాని. కాంట్రాక్టుపై పనిచేసే సంస్థ ఆ హక్కును విదేశీ ప్రచురణకర్తకు రాసి ఇస్తుంది. ఆట ఎన్ని కోట్ల ప్రతులు అమ్ముడైనా రంగులద్దిన చిత్రకారునికి నెల జీతమే దక్కుతుంది.

మోడ్ తయారుచేసేవారి పరిస్థితి మరింత విచిత్రం. జీతమిచ్చే యజమాని లేడు, అయినా హక్కు చేతికి రాదు. మన చట్టం దృష్టిలో సృష్టి జరిగిన క్షణమే, రిజిస్ట్రేషనుతో నిమిత్తం లేకుండా, కాపీరైటు పుడుతుంది. కాని బస్సుపై ఉన్న చిహ్నం రవాణా సంస్థది, బస్సు ఆకృతి బాడీ నిర్మించినవారిది, ఆట మరొకరిది. ఇందరి సొత్తుపై నిలిచిన తన సొంత శ్రమను కోర్టులో వేరుచేసి చూపడం ఏ విద్యార్థికి సాధ్యం? (‘కేఎస్ఆర్టీసీ’ అనే ఐదు ఆంగ్ల అక్షరాల కోసం కేరళ, కర్ణాటక రాష్ట్రాలే ఏళ్ల తరబడి పోరాడాయి. 2023 డిసెంబరులో మద్రాసు హైకోర్టు కేరళ అభ్యర్థనను తిరస్కరించింది. ఆటలో మాత్రం ఇద్దరి బస్సులూ ఒకే రోడ్డుపై నడుస్తున్నాయి.)

ఆచరణలో మిగిలింది తాళమే. నెలల తరబడి శ్రమించి చేసిన బస్సును ఫైలులో మూసి, సంకేతపదం పెట్టి, కొద్దిపాటి రుసుముకు ఇచ్చేవారు ఉన్నారు. ఆ పదం ఒక్కరి నోట జారితే చాలు, మర్నాటికి ఆ బస్సు పేరు మార్చుకుని పదిచోట్ల ఉచితంగా దొరుకుతుంది. దొంగిలించారని గోల చేసేవారిలో కొందరు తామే మరో ఆట నుంచి చక్రాలు, సీట్లు ఊడదీసి తెచ్చినవారు కావడం ఇందులోని మరో కోణం.

మోడ్‌లకు అధికారికంగా వెల కట్టే ప్రయత్నం ఒకసారి పెద్ద ఎత్తునే జరిగింది. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు ‘స్కైరిమ్’ ఆటకు మోడ్‌ల అమ్మకాన్ని ప్రవేశపెట్టాయి. తయారీదారుకు నిర్ణయించిన వాటా 25 శాతం. ఆటగాళ్ల ఆగ్రహానికి తలొగ్గి నాలుగు రోజులకే ఆ పథకాన్ని ఉపసంహరించుకున్నాయి. 2017 జూన్‌లో మరో సంస్థ ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ మోడ్‌లకు ఆధారమైన ఒక సాఫ్ట్‌వేరుకు లీగల్ నోటీసు పంపి, నిరసనలు చెలరేగడంతో వెనక్కు తగ్గింది. రెండు సందర్భాల్లోనూ గొంతెత్తినవారు ప్రధానంగా ఆటగాళ్లే. వారికి కావలసింది ఉచిత వినోదం. తయారీదారు కూలి సంగతి అక్కడా వెనుకబడింది.

ప్రభుత్వం ఈ రంగాన్ని గుర్తించలేదని అనలేము. 2022 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో యానిమేషన్, ఆటల రంగానికి టాస్క్‌ఫోర్స్‌ను ప్రకటించారు, అదే ఏడాది చివర నివేదిక అందింది. 2024 సెప్టెంబరులో ముంబయిలో జాతీయ శిక్షణా కేంద్రానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. శిక్షణ మంచిదే. అయితే 2025 ఫిబ్రవరిలో ఫ్రెంచి సంస్థ టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబయిలలో వేలమంది శిక్షణ పొందిన చిత్రకారులే ఒక్కసారిగా వీధిన పడ్డారు. మరోవైపు ఇటుక గోడ, తుప్పు, ఇసుక వంటి పూతలను కృత్రిమ మేధ క్షణాల్లో అందిస్తున్నది. కొత్తగా చేరినవారు చేయి తిప్పుకునేది ఇటువంటి పనులతోనే. ఒప్పందాలలో చిత్రకారుని పేరుకు, వాటాకు చోటు కల్పించే విషయంపై చర్చ మాత్రం ఇంకా ఊపందుకోలేదు.

కేరళలో 2022 అక్టోబరు 5న వడక్కెంచేరి వద్ద పర్యాటక బస్సు ఆర్టీసీ బస్సును ఢీకొని తొమ్మిది మంది మరణించిన తరువాత, పర్యాటక బస్సులన్నీ తెల్లరంగులోనే ఉండాలన్న నిబంధనను అక్కడి రవాణా శాఖ కఠినంగా అమలు జరిపింది. సింహాలు, ఏనుగులు, సినిమా తారలతో కళకళలాడిన బస్సులు వారాల వ్యవధిలో సున్నం కొట్టిన గోడల్లా మారాయి. రోడ్లపై ఆ బొమ్మలు చెరిగిపోయినా, వాటిని ఫొటోలు చూసి చుక్క చుక్కగా గీసుకున్న కుర్రవాళ్ల ఫైళ్లలో మిగిలి ఉన్నాయి. ఆ ఫైళ్లపై వారి పేర్లు చాలావరకు లేవు.