పైపు మార్చా... రోగం మాత్రం ఇంజిన్‌లోనే ఉంది!

బుల్లెట్‌కి సైలెన్సర్ మార్చి, వీధంతా దద్దరిల్లేలా దూసుకుపోయే కుర్రాళ్లను మీరు చూసే ఉంటారు. పోలీసులు ఆ సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలూ మీ ఫోన్‌కి వచ్చే ఉంటాయి. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో నేనూ ఆ బ్యాచే. ఉద్యోగం కోసం కాలిఫోర్నియా వచ్చాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. కాకపోతే ఈసారి బుల్లెట్ కాదు, రోటరీ ఇంజిన్ కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-8.

సమోసా తిరిగితే ఇంజిన్!

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది. రోటరీలో పిస్టన్ ఉండదు. సమోసాలా మూడు మూలలున్న రోటర్ ఒక గుండ్రటి గదిలో తిరుగుతూ ఉంటుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఇది. 1967లో కాస్మో స్పోర్ట్‌తో మాజ్దా దీన్ని రోడ్డెక్కించింది. 1991లో ఇదే రకం ఇంజిన్‌తో 787బి కారు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. నా కారు ఇంజిన్ చూడ్డానికి 1.3 లీటర్లే. కానీ 9 వేల ఆర్‌పీఎం దాకా గుక్క తిప్పుకోకుండా తిరుగుతుంది. ఆ శబ్దం ఒక్కసారి వింటే చాలు, ఇక ఎవరు చెప్పినా వినం.

ఇంత అందంలోనూ ఒక తిరకాసు ఉంది. పెట్రోలు మండే చోటు పొడవుగా, పల్చగా ఉంటుంది కాబట్టి కొంత పెట్రోలు మండకుండానే బయటకు పోతుంది. పైగా రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీల్స్ అరిగిపోకుండా ఇంజినే కొద్దికొద్దిగా ఆయిల్ లోపలికి పంపి కాల్చుకుంటుంది. అందుకే పొగ విషయంలో రోటరీకి మొదట్నుంచీ తలనొప్పే. 1970ల్లో మాజ్దా ఆ మండని పెట్రోలును ఇంజిన్ బయట థర్మల్ రియాక్టర్ అనే డబ్బాలో కాల్చేది. తర్వాత దాని స్థానంలో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. ముద్దుగా ‘క్యాట్’. తేనెపట్టులాంటి గళ్లు, వాటికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. విషవాయువులు ఆ గళ్లలోంచి వెళ్లేసరికి చాలావరకు విరిగిపోతాయి.

తీసేస్తే పోలా?

కొన్న ఏడో నెలలో కారు నీరసపడింది. చిన్న ఎత్తు ఎక్కడానికీ ఆయాసం. ఒక రాత్రి ఆపి కిందకి తొంగి చూస్తే క్యాట్ నిప్పు కణికలా ఎర్రగా మెరుస్తోంది! డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు.

క్యాట్ మూసుకుపోయిందన్నారు. రాష్ట్ర నిబంధనలకు సరిపోయే కొత్తది వెయ్యి డాలర్లు పైమాటే. ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు: “దాన్ని పీకేసి ఖాళీ పైపు పెట్టు మామా. 200 డాలర్ల లోపే. వెనకాల సెన్సర్‌ని ఏమార్చే చిన్న ముక్క కూడా దొరుకుతుంది. పవర్ కూడా పెరుగుతుంది.” ఒక వర్క్‌షాప్‌లో శనివారం మధ్యాహ్నం ఆ పని కానిచ్చేశా.

తప్పని తెలియదా? తెలుసు. రోడ్డు మీద తిరిగే కారుకి పొగను అదుపు చేసే భాగాలు పీకేయడం అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం నేరం. కాలిఫోర్నియాలో మామూలుగా రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ ఉంటుంది. కారు కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి చూస్తారు, కిందకి వంగి కూడా చూస్తారు. నా పరీక్షకి ఇంకా ఏడాది ఉందిలే అనుకున్నా.

రెండు వారాలు మహారాజులా తిరిగా. తర్వాత బట్టలకి పెట్రోలు వాసన పట్టుకుంది. అపార్ట్‌మెంట్‌లో పైఫ్లోర్ ఆంటీ ఒకరోజు ఆపి, “బాబూ, పొద్దున్నే నీ కారు స్టార్ట్ చేస్తే మావాడికి దగ్గు మొదలవుతోంది. పిల్లాడికి ఆస్తమా” అంది. ఆవిడ అరిచినా బాగుండేది. అరవలేదు.

ఫోన్లో విన్న నాన్న

ఆ ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి కారు శబ్దం గర్వంగా వినిపించా. ఆయన రిటైర్డ్ లారీ మెకానిక్. రోటరీని జన్మలో చూడలేదు. అర నిమిషం విని, “మిస్సింగ్ కొడుతోంది రా” అన్నారు.

“కొత్త పైపు నాన్నా, అందుకే అలా ఉంది.”

“పైపు సంగతి నాకెందుకు? గొట్టం ఊరికే మూసుకుపోదు. లోపల ఏదో సరిగా మండట్లేదు. ముందు అది చూసుకో.”

నిజమే! ఈ ఇంజిన్‌కి 4 ఇగ్నిషన్ కాయిల్స్, 4 స్పార్క్ ప్లగ్‌లు. ఆర్ఎక్స్-8లో కాయిల్స్ నీరసపడటం తెలిసిన జబ్బే. నిప్పురవ్వ సరిగా పడకపోతే పచ్చి పెట్రోలు క్యాట్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. గళ్లు కరిగి మూసుకుపోతాయి. పొగకి దారి లేక, వేడి వెనక్కి తన్ని ఇంజిన్‌కే ఎసరు పెడుతుంది. అంటే క్యాట్ దొంగ కాదు, దొంగను పట్టించిన కుక్క. నేను ఆ కుక్కనే గెంటేశా. ఆఫీసులో టెస్ట్ ఫెయిలైతే కోడ్ సరిచేయకుండా టెస్టునే డిలీట్ చేసేవాణ్ని ఏమంటాం? నేను చేసింది అదే.

కాయిల్స్, ప్లగ్‌లు మార్చా. రోటరీకి ప్రత్యేకంగా ఉండే మీటర్‌తో కంప్రెషన్ కొలిపించా. అదృష్టం, ఇంజిన్ బతికే ఉంది. తర్వాత అనుమతి నంబరున్న కొత్త క్యాట్ వేయించా. ఖాళీ పైపు తుక్కులోకి పోయింది. మొత్తం ఖర్చు మొదట చెప్పిన దానికి రెట్టింపు.

మార్చాలనుందా?

శబ్దం కావాలంటే క్యాట్ తర్వాత ఉండే భాగం మార్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో కార్లకి 95 డెసిబెల్స్ వరకు అనుమతి. క్యాట్ జోలికి మాత్రం పోవద్దు. టర్బో ఉన్న మూడో తరం ఆర్ఎక్స్-7లో ఇది ఇంకా ప్రమాదం. పొగకి అడ్డు లేకుండా చేస్తే టర్బో ఒత్తిడి అదుపు తప్పి పెరుగుతుంది. పెట్రోలు చాలక అపెక్స్ సీల్ విరిగితే ఇంజిన్ విప్పాల్సిందే.

మొన్న స్మాగ్ చెక్ పాసయ్యా. ఆ కాగితం నాన్నకి వాట్సాప్‌లో పంపితే వచ్చిన జవాబు ఒకటే: “మిస్సింగ్ పోయిందా?”