పానా పట్టిన చేతికి వారసత్వం లేదా?

యాభై ఏళ్లు దాటిన మోటార్ సైకిల్ మన దేశంలో వారసత్వ సంపద. పదిహేనేళ్లు దాటిన లారీ తుక్కు. ఆ రెండింటికీ ప్రాణం పోస్తున్న చేతులకు మాత్రం ఏ నిబంధనలోనూ చోటు లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 50 ఏళ్లు పైబడి, అసలు రూపం చెడని వ్యక్తిగత ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వింటేజ్’ హోదా కల్పించింది. 20,000 రూపాయలు చెల్లిస్తే ‘వి.ఏ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్ లభిస్తాయి. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన మరో ఉత్తర్వు 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ ధ్రువపత్రం రుసుమును 12,500 రూపాయలుగా నిర్ణయించి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. పాత లారీల పొగ, ప్రమాదాలు కాదనలేనివే. అయినా ఒకరి పాతదనం హోదాగా, మరొకరి పాతదనం నేరంగా ఎలా మారుతుందన్న ప్రశ్న మిగులుతుంది. ఈ ప్రశ్నను భీమవరం మెకానిక్ షెడ్డులో నిలబడి అడిగితే, వాహనాల చర్చ కాస్తా కులం చర్చ అవుతుంది.

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల పరిసరాల చెరువుల్లో పెరిగిన చేప, ఐసు మధ్య సర్దుకుని, హౌరా మార్కెట్టు దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. దారి పొడవునా కరిగిన నీరు లారీ ఛాసిస్ మీదుగా కారుతూనే ఉంటుంది. చెరువు గట్ల ఉప్పుతడి దానికి తోడవుతుంది. బ్రేకు పైపులు, ఛాసిస్ అడ్డకమ్ములు, కమాను పట్టీల మధ్య సందులు లోలోపల తుప్పు పడతాయి. నడిదారిలో బండి ఆగితే సరుకు కుళ్లిపోతుంది, కిరాయి పోతుంది, నెల వాయిదా తప్పుతుంది. విజయవాడ ఆటోనగర్ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. అందుకే డెల్టాలో ఎన్నో లారీలకు ఆసుపత్రి ఎవరో ఒక మేస్త్రి ఇంటి పక్కన వేసుకున్న రేకుల షెడ్డే. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొనను ఇంజిన్‌కు, మరో కొనను చెవికి ఆనించి ఏ వాల్వు వదులైందో, ఏ బేరింగు అరిగిందో చెప్పే మనిషి అక్కడ ఉంటాడు. లక్షల రూపాయల రొయ్యల, చేపల వ్యాపారం ఆ చెవి మీద ఆధారపడి నడుస్తోంది.

అదే షెడ్డులో, లారీ పక్కనే, విప్పదీసిన పాత బుల్లెట్ ఒకటి కనిపించడం ఈమధ్య మామూలైంది. ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీతో కలిసి 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా ఈ బండిని మన రోడ్ల మీదికి తెచ్చింది. గోదావరి జిల్లాల్లో మునసబులు, మిల్లు యజమానులు, పెద్ద రైతులు దాన్ని ఎక్కారు. వాడల నుంచి వచ్చినవారు పెద్దల వీధిలో సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాలన్న కట్టుబాటు చాలా ఊళ్లలో చెల్లిన కాలమది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి; బుల్లెట్ చప్పుడుకున్న పెత్తనం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు మనవడు తాతగారి బండిని వెలికితీసి, మళ్లీ నడిపించమని షెడ్డుకు తెస్తున్నాడు.

అది చిన్న పని కాదు. పోత ఇనుప సిలిండర్‌ను రీబోరింగ్ చేయించి, దానికి సరిపడే పిస్టన్, రింగులు వెతకాలి. క్రాంకు ఫ్లైవీళ్లను విడదీసి, పిన్ను మార్చి, మిల్లీమీటరులో కొన్ని వందో వంతులకు మించి వంకర లేకుండా మళ్లీ బిగించాలి. బజారులో దొరకని బుష్షును లేత్ మీద తిప్పించాలి. పాయింట్ల సందు సరిచేయాలి. చివరికి డీకంప్రెషన్ లివరు నొక్కి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు రాగానే కిక్ కొట్టే ఒడుపును బండి యజమానికి నేర్పేది కూడా మేస్త్రే. బండి కదిలాక ఫొటోలో యజమాని ఉంటాడు, అతని తాత ప్రస్తావన ఉంటుంది. మేస్త్రి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ నైపుణ్యం ఎక్కడి నుంచి వచ్చింది? మన ఊళ్లలో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే పద్ధతిని గుర్తు చేసుకుంటే కొంత తెలుస్తుంది. వడ్రంగి చెక్క చక్రాన్ని సిద్ధం చేస్తే, కమ్మరి దానికన్నా కాస్త చిన్న పట్టాను నిప్పుల్లో కాల్చి, వ్యాకోచించిన క్షణంలో తొడిగి, నీళ్లు చల్లేవాడు. చల్లారిన పట్టా చక్రాన్ని బిగబట్టేది. నేడు లారీ ఫ్లైవీలుకు పళ్ల చక్రాన్ని తొడిగేటప్పుడు మేస్త్రి పాటించేదీ అదే భౌతిక సూత్రం. అరిగిన లారీ కమాను పట్టీలను కొలిమిలో కాల్చి కొడవళ్లు, కత్తులు సాగదీసిన కమ్మరికి, ఏ ఉక్కు ఎంత వేడికి ఎలా లొంగుతుందో పాఠ్యపుస్తకం చెప్పనవసరం లేకపోయింది. ఆ విజ్ఞానానికి గ్రామం ఇచ్చింది కోతల కాలంలో కళ్లంలో కొలిచిన మేర గింజలు. అది హక్కు రూపంలో ఉన్న దయ. ట్రాక్టరు వచ్చి బండిచక్రం ఆగిపోయాక ఆ మేర కూడా పోయింది. కొలిమి వదిలినవారిలో కొందరు షెడ్డుకు చేరారు.

షెడ్డులో వారు ఒంటరిగా లేరు. విశ్వబ్రాహ్మణులతో పాటు దూదేకులవారు, ఇతర ముస్లింలు, మాల మాదిగ యువకులు, పలు వెనుకబడిన కులాలవారు అక్కడ ఒకే ఇంజిన్ చుట్టూ వంగి పనిచేయడం కనిపిస్తుంది. విశ్వబ్రాహ్మణుడైన పోతులూరి వీరబ్రహ్మానికి దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య శిష్యులయ్యారని సంప్రదాయం చెబుతుంది. మఠంలో ఆ కలయిక విశేషం. షెడ్డులో అది రోజువారీ సంగతి. డీజిల్ ఇంజిన్‌కు ఏ స్మృతీ కులాన్ని కేటాయించలేదు. అందుకే ఇది కొంత స్వేచ్ఛనిచ్చింది. తండ్రి వృత్తి వదిలి, తండ్రికి తెలియని పని నేర్చి, నగదు కూలి తీసుకునే వీలు కల్పించింది.

అయితే ఈ స్వేచ్ఛ షెడ్డు గడప దాటదు. లారీ ఎవరిది, చెరువు ఎవరిది, ఫైనాన్సు ఎవరిది అని అడిగితే, జవాబు భూమి ఉన్న కులాల వైపే మొగ్గుతుంది. బండి యజమాని ‘గారు’. అరవై ఏళ్ల మేస్త్రిని అతను పిలిచే పిలుపు ‘ఏరా’ దగ్గరే ఆగిపోవడం అరుదు కాదు. అదే పానా, అదే గ్రీజు ఏసీ షోరూములో యూనిఫాం వేసుకుంటే ఉద్యోగం. ఇంటి షెడ్డులో అయితే మురికి పని. యజమాని తానే ఆదివారం చేతికి గ్రీజు పూసుకుంటే అది అభిరుచి. మురికికి విలువ కట్టేది ఆ చేయి ఎవరిదన్న దాన్ని బట్టే.

కులం శ్రమను మాత్రమే విభజించదని, శ్రామికులను మెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వివరించారు. చేతి పనిలోని విజ్ఞానాన్ని పిల్లలకు పరిచయం చేయడానికి కంచ ఐలయ్య 2007లో ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ రాశారు. అమెరికాలో రాజకీయ తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందిన మాథ్యూ క్రాఫోర్డ్ మోటార్ సైకిల్ మరమ్మతుల షాపు పెట్టుకుని, ఆ పనిలోని ఆలోచనా శక్తిపై 2009లో పుస్తకం ప్రచురించారు. అది మంచి పుస్తకమే. కానీ విశ్వవిద్యాలయం నుంచి షెడ్డుకు వెళ్లేవాడు తత్వవేత్త అవుతాడు. షెడ్డు నుంచి విశ్వవిద్యాలయానికి రావలసినవాడికి గేటు దగ్గర పదో తరగతి ధ్రువపత్రం అడుగుతారు. మన సమస్య ఆ రెండో దారిది.

ప్రభుత్వ విధానాలు ఈ దారిని వెడల్పు చేస్తున్నాయా? 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులను గుర్తించి, 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం ఇస్తోంది. ఆ జాబితాలో కమ్మరి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, మోటారు మెకానిక్ లేడు. తాత కొలిమి దగ్గరే ఉంటే గుర్తింపు, ఇంజిన్ దగ్గరికి నడిస్తే అనామకత్వం! 2016లో సవరించిన బాల కార్మిక చట్టం, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో బడి వేళల తర్వాత పిల్లలు సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఇల్లే పనిచోటైన కులాల్లో ఆ మినహాయింపు ఎవరి పిల్లల చేతికి పుస్తకం బదులు పనిముట్టు ఇస్తుందో ఊహించడం కష్టం కాదు.

మరోవైపు సాంకేతికత తలుపులు మూస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కార్బరేటర్ స్థానంలో ఇంధన ఇంజెక్షన్, సెన్సర్లు, కంప్యూటర్ చేరాయి. గాలి శుభ్రపడటానికి అవి అవసరమే. కానీ లోపాన్ని చదివే స్కానరు, ఆ సమాచారం కంపెనీల గుప్పిట్లో ఉంటే, చెవితో ఇంజిన్‌ను చదివిన మనిషి రేపటికి నిరక్షరాస్యుడవుతాడు. 2022లో కేంద్రం ‘మరమ్మతు హక్కు’ పోర్టల్ తెరిచి అందులో వాహన రంగాన్నీ చేర్చింది. దాన్ని వినియోగదారుడి హక్కుగానే చూస్తున్నారు. మరమ్మతు చేసేవాడి బతుకు హక్కుగా ఇంకా చూడటం లేదు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. వృత్తి సాయాన్ని ఇంటి ఆచారంతో ముడిపెట్టకుండా చేస్తున్న పనితో ముడిపెట్టి, మెకానిక్‌లను అందులో చేర్చాలి. నైపుణ్య శిక్షణ పథకాల్లో ఇప్పటికే ఉన్న ‘పూర్వ అభ్యసన గుర్తింపు’ను కాగితంతో సరిపెట్టకుండా, ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు దారితీసే మెట్టుగా మార్చాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చోటు షెడ్డు కాదు, బడి అని గట్టిగా చెప్పాలి. విశేష అనుభవం ఉన్నవారిని డిగ్రీలతో నిమిత్తం లేకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా నియమించుకోవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కుర్చీ కంపెనీల మాజీ అధికారులకేనా? 1980 నుంచి ఇంజనీరింగ్ విద్య ఉన్న భీమవరంలో, ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించిన మేస్త్రి మెకానికల్ విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పే రోజు రాకూడదా?

ఇంకొక్క చిన్న కోరిక. వింటేజ్ రిజిస్ట్రేషన్ పత్రంలో యజమాని పేరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాస్తున్నారు. ఆ బండిని పునరుద్ధరించిన మేస్త్రి పేరుకు అందులో ఒక గడి కేటాయించాలి. ఇనుముకు వారసత్వ హోదా ఇవ్వగలిగిన రాజ్యం, ఆ ఇనుమును మాట్లాడించిన మనిషికి ఒక్క వరుస ఇవ్వలేకపోతే, లోటు కాగితంలో ఉన్నట్టు కాదు, మన చూపులో ఉన్నట్టు.