పుల్లని పూల బీరు

పుల్లని పూల బీరు అనగా పులుపెక్కించిన బీరులో కొండలమీద, బీళ్ళలో సహజముగా పెరిగే పూల సువాసనను చేర్చి తయారుచేసే మద్యపానీయము. ఇందులోని పులుపు పూల వలన వచ్చినది కాదు. పాలు పెరుగైనప్పుడు, దోసెల పిండి పులిసినప్పుడు పనిచేసే లాక్టికామ్ల బాక్టీరియాయే ఇక్కడ కూడా కారణము. సాధారణ బీరు పీహెచ్ విలువ ఇంచుమించు 4 నుండి 4.6 వరకు ఉండగా, పుల్లని బీరులో అది 3.5 దరిదాపులకు దిగుతుంది. పీహెచ్ తగ్గినకొద్దీ ఆమ్లత్వము హెచ్చునని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

తెలుగులో "పులియుట" అనే ఒక్క మాటనే రెండు వేర్వేరు చర్యలకు వాడుతున్నాము. చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మార్చుట ఒకటి, బాక్టీరియా ఆమ్లముగా మార్చుట మరొకటి. మామూలు బీరులో మొదటిది మాత్రమే జరగాలి. ఈ బీరులో రెండూ జరగాలి.

హాప్స్, ఇతర పూలు

బీరుకు చేదునిచ్చే హాప్స్ కూడా పూలేనన్న సంగతి చాలామందికి తెలియదు. అవి ఒక తీగకు కాసే ఆడ పూగుత్తులు. వాటిలోని చేదు పదార్థములు లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాను పెరగనీయవు. కనుకనే హాప్స్ వేసిన బీరు పులుపెక్కక ఎక్కువ కాలము నిలుస్తుంది. హాప్స్ వాడుక వ్యాపించక ముందు ఐరోపాలో యారో, బాగ్ మిర్టిల్ మొదలగు మొక్కలను బీరులో కలిపేవారు. ఈ మిశ్రమమును గ్రూట్ అనేవారు. బీరును యవలు, హాప్స్, నీటితో మాత్రమే చేయాలని 1516లో బవేరియా పాలకులు శాసించారు. స్కాట్లాండు కొండలలో పూసే హీథర్ పూల బీరు రహస్యము ఒక జాతితోనే అంతరించినదని ఒక ఐతిహ్యము కలదు. స్టీవెన్సన్ 1890లో దానిపై ఒక పద్యకథ ప్రచురించాడు. కథ ఎలా ఉన్నా, హీథర్ బీరును మాత్రము ఇరవయ్యవ శతాబ్దము చివరలో అక్కడ మళ్ళీ తయారుచేశారు.

పులుపు కావాలంటే హాప్స్ తగ్గించాలి. హాప్స్ వాసన తగ్గినచోట వేరొక పూవుకు చోటు దొరుకుతుంది. ఈ బీరులో పులుపు, పూలు జతకూడుటకు ఇదే ముఖ్యకారణమని చెప్పవచ్చును.

మన ఇప్పసారాతో దీనిని పోల్చరాదు. ఇప్పపూవులో చక్కెర సమృద్ధిగా ఉన్నందున ఆ పూవే సారాకు ముడిసరుకు, పైగా సారాను బట్టీ పెడతారు. ఇక్కడ చక్కెర మొలకగట్టిన యవల నుండి వస్తుంది. పూవు పరిమళము కొరకే.

తయారీ

మొలకగట్టి ఎండబెట్టిన యవలను, కొంత గోధుమను దంచి వేడినీటిలో నానబెడితే పిండిపదార్థము చక్కెరగా మారుతుంది. వడకట్టిన తీపిరసమును మరిగించి, 35 నుండి 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లార్చి, లాక్టోబాసిల్లస్ కలిపి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. తగినంత పులిసిన తరువాత మరల మరిగించి బాక్టీరియాను చంపి, చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఇది త్వరిత పద్ధతి.

బెల్జియములోని బ్రస్సెల్స్ ప్రాంతపు లాంబిక్ పద్ధతి వేరు. వేడిరసమును లోతు తక్కువ గల వెడల్పాటి తొట్టిలో రాత్రంతా తెరచి ఉంచగా, గాలిలోని సూక్ష్మజీవులు అందులో చేరుతాయి. చలికాలములోనే ఈ పని చేస్తారు. తరువాత కొయ్య పీపాలలో ఒకటి నుండి మూడేళ్ళు నిలువ ఉంచుతారు. అక్కడ 1900లో స్థాపించిన కాంటియాన్ వారు ఎల్డర్ పూలతో కూడా ఒక లాంబిక్ చేస్తారు.

పూలను రసముతోపాటు మరిగిస్తే సువాసన ఆవిరితో పోతుంది. అందుచేత ప్రధాన కిణ్వనము ముగిసిన తరువాత, చల్లని బీరులో కొద్ది రోజులు నానబెట్టి తీసివేయుట మేలు. ఎక్కువ రోజులు ఉంచితే వగరు దిగుతుంది.

జాగ్రత్తలు

అడవిపూవును నిశ్చయముగా గుర్తించనిదే వాడరాదు. హిమాలయములలో బురాన్ష్ అనే ఎర్రని రోడోడెండ్రాన్ పూలతో షర్బతు చేస్తారు. కాని అదే ప్రజాతిలోని మరికొన్ని మొక్కలలో గుండె వేగమును, రక్తపోటును పడగొట్టే గ్రేయనోటాక్సిన్ అనే విషము ఉన్నది. ఎల్డర్ పూలు వాడదగినవే అయినా దాని ఆకులు, కాడలు విషపూరితములు గనుక పూలను కాడల నుండి దులిపి తీసుకోవాలి. మనకు తెలిసిన గన్నేరు సంగతి చెప్పనక్కరలేదు. పులియబెట్టినంత మాత్రాన విషము విరిగిపోతుందని అనుకొనుట ప్రమాదకరము.

సీసాలలో నింపుటకు తొందరపడరాదు. బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్టు, మామూలు ఈస్టు వదిలివేసిన చక్కెరలను సైతము నెలల తరబడి తింటూ బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆ ఒత్తిడికి పలుచని సీసాలు పగిలిపోతాయి. అందువలన లాంబిక్ వారు షాంపేనుకు వాడే మందపు గాజు సీసాలను వాడతారు.