తుక్కులోంచి తిరిగొచ్చిన రైలుపెట్టెలు

ఏ ఆస్తికైనా ఏటా తరుగుదల రాసుకుంటూ పోతే చివరికి ఖాతాలో ఒక్క రూపాయి మిగులుతుంది. వస్తువు ఇంకా ఉందని చెప్పడానికే ఆ రూపాయి. ఆపైన దానికి తుక్కు ధరే. బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా ఈ లెక్కలు చూస్తున్న నాకు, తుక్కు ధర దాకా వెళ్లి తిరిగొచ్చిన రైలుపెట్టెల సంగతి తెలిసినప్పుడు ఆశ్చర్యం వేసింది.

2025 ఆగస్టులో మన హెబ్బగోడికి మెట్రో వచ్చింది. మన పిల్లలకు రైలంటే ఇక అదే. చెక్కపెట్టెల రైలు ఎలా ఉండేదో వాళ్లకు తెలియదు. 1955లో మద్రాసు పెరంబూరులోని కోచ్ ఫ్యాక్టరీ పూర్తి ఉక్కుపెట్టెలు చేయడం మొదలుపెట్టాక, చెక్కవి ఒక్కొక్కటే తుక్కుకు పోయాయి.

ఇంగ్లండులోనూ అంతే. అక్కడ పాతపెట్టెల్ని రైతులు కొనుక్కుని కోళ్లగూళ్లుగా, కొట్టాలుగా వాడుకున్నారు. 1951లో వేల్స్‌లోని టాలిలిన్ అనే చిన్న రైలుమార్గం మూతపడకుండా కొందరు మామూలు మనుషులు జీతం లేకుండా నడపడానికి ముందుకొచ్చారు. ప్రపంచంలో స్వచ్ఛంద సేవకులు నడిపిన మొదటి రైలు అదే. ఆ తర్వాత ఇలాంటి బృందాలు ఎన్నో పుట్టాయి. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు సెలవు రోజుల్లో షెడ్డులో చేరి కోళ్లగూళ్లను మళ్లీ రైలుపెట్టెలు చేశారు.

ఆ పని ఓపికతో కూడుకున్నది. పలకలకు నంబర్లు వేసి ఒక్కొక్కటే విప్పాలి. పుచ్చిన ముక్క మేరకే కోసి, కొత్త చెక్కను అతుకు కనబడకుండా చేర్చాలి. పాత రంగును పొరలు పొరలుగా గీకితే అడుగున మొదటి రంగు బయటపడుతుంది. ఒక్క పెట్టెకు ఏళ్లు పట్టవచ్చు.

మన దేశంలోనూ ఇలాంటి మనిషి ఒకరుండేవారు. మైక్ సాటో అనే ఆంగ్లేయుడు ఇక్కడ ఐసీఐ కంపెనీలో ఉద్యోగి. రైళ్లంటే పిచ్చి. పాటియాలా సంస్థానంలో ఒకే పట్టా మీద నడిచిన వింత రైలు 1907లో మొదలై 1927లో ఆగిపోయింది. దాని ఇంజన్లు 1962లో తుక్కు సామాను మధ్య ఆయన కంటబడ్డాయి. అమృత్‌సర్ వర్క్‌షాప్‌లో ఒక ఇంజన్‌ను నడిచేలా బాగుచేశారు. మిగిలిన పాత చట్రం మీద ఒక పెట్టెను తిరిగి కట్టారు. ఇప్పుడవి ఢిల్లీ రైల్వే మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియానికి 1971లో శంకుస్థాపన చేసింది మన వి.వి.గిరిగారే. బరంపురంలో పుట్టిన ఆయన కూడా మనలాగే పొరుగు గడ్డ తెలుగువారు.

మా మామగారు లాలాగూడ వర్క్‌షాప్‌లో వడ్రంగి. 1893 నాటి వర్క్‌షాప్ అది. "పెట్టె పైనుంచి చావదురా అబ్బాయ్, కిందినుంచి చస్తుంది" అనేవారు. వాననీరు గోడవెంట దిగి అడుగుదూలంలో నిలుస్తుంది. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల టేకు మెత్తబడిపోతుంది. ఆయన వేలితో తట్టి, చప్పుడును బట్టి పుచ్చు ఎక్కడుందో చెప్పేవారట. ఆయన పోయారు. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు నాకు పెట్టెలకన్నా ఈ విద్య గురించే ఎక్కువ బెంగ. డబ్బుంటే టేకు కొనవచ్చు, షెడ్డు కట్టవచ్చు. తట్టి చెప్పగల చెయ్యి కొనడానికి దొరకదు. విదేశాల్లో ఆ బృందాలు చేసిన అసలు మేలు ఇదేననిపిస్తుంది. పెద్దాయన పక్కన పద్దెనిమిదేళ్ల కుర్రాడు నిలబడి పని నేర్చుకున్నాడు.

మైసూరు రైల్వే మ్యూజియం 1979లో పెట్టారు. 1899 నాటి మహారాణి గారి సెలూన్ పెట్టె, వంటగదితో సహా, అక్కడుంది. ఈసారి సెలవుల్లో పిల్లలను తీసుకెళ్లండి. ఇంట్లో రైల్వేలో పనిచేసిన తాతగారుంటే ఆయన్నీ వెంటబెట్టుకెళ్లండి. ఆ పెట్టె ముందు నిలబెట్టి, ఇదెలా చేశారో అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి మన పత్రికకు పంపండి.